తొలిసారి పోకర్ టోర్నమెంట్ బల్ల దగ్గర కూర్చునేవారికి

ఫోనులోనో కంప్యూటర్లోనో పోకర్ నేర్చుకున్నవారికి బల్ల మర్యాద నేర్చుకోవలసిన అవసరం దాదాపుగా రాదు, ఎందుకంటే అక్కడ ఆ బాధ్యతంతా సాఫ్ట్‌వేరే మోస్తుంది. వంతు రానిదే బటన్లు పనిచేయవు. కనీస మొత్తం కంటే తక్కువకు రైజ్ చేయాలన్నా (ముందున్న పందేన్ని పెంచాలన్నా) వీలుపడదు. పడేసిన ముక్కలు ఎవరి కంటా పడవు. ఎవరి దగ్గర ఎన్ని చిప్స్ (పందెం బిళ్లలు) ఉన్నాయో అంకెల్లో కనిపిస్తూనే ఉంటుంది. నిజమైన బల్ల దగ్గర ఇవన్నీ ఆడేవారి చేతుల మీద, నోటి మీద ఆధారపడి ఉంటాయి. 2003లో క్రిస్ మనీమేకర్ ఆన్‌లైన్‌లో 86 డాలర్ల సాటిలైట్ (పెద్ద టోర్నమెంటులో ప్రవేశాన్ని బహుమతిగా ఇచ్చే చిన్న టోర్నమెంటు) గెలిచి, 10,000 డాలర్ల ప్రవేశ రుసుము గల వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో కూర్చుని, 839 మందిలో మొదటివాడిగా నిలిచి 25 లక్షల డాలర్లు గెలుచుకున్న తరువాత, ఆయనలాగే తెర ముందు నుంచి నేరుగా బల్ల దగ్గరికి వచ్చేవారు బాగా పెరిగారు. వారిలో చాలామందికి ఆట బాగానే వచ్చు, బల్ల దగ్గర ఎలా మసలుకోవాలో మాత్రం తెలియదు.

స్నేహితుల మధ్య ఇంట్లో ఆడే ఆటలో చెల్లిపోయే చనువు టోర్నమెంటులో ఎందుకు చెల్లదో ముందుగా అర్థం చేసుకుంటే మిగిలిన నియమాలను బట్టీ పట్టవలసిన పని ఉండదు. టోర్నమెంటులో మీరు ఆడుతున్నది మీ బల్ల దగ్గరున్న ఎనిమిది, తొమ్మిది మందితో మాత్రమే కాదు. పక్క బల్లల దగ్గర ఎంతమంది నిష్క్రమిస్తే మీ స్థానం అంత మెరుగవుతుంది. అలాగే మీ బల్ల దగ్గర ఒకరికి అన్యాయంగా చిప్స్ దక్కితే, మీ ముఖమైనా చూడని వందమంది నష్టపోతారు. కాబట్టి మర్యాద పేరుతో చెప్పే విషయాలన్నీ చివరికి రెండింటి దగ్గరికే వస్తాయి. ఒకటి, సమాచారం దాని వంతులోనే బయటికి రావాలి. రెండు, బ్లైండ్లు (ముక్కలు చూడకముందే పెట్టవలసిన తప్పనిసరి పందేలు) పెరుగుతూ ఉండే గడియారం అందరిదీ కాబట్టి ఎవరూ దాన్ని తమ సొంతానికి వాడుకోకూడదు.

ఒకప్పుడు ఒక్కో కార్డ్ రూముకు ఒక్కో రకమైన నియమావళి ఉండేది. 2001లో టోర్నమెంట్ డైరెక్టర్స్ అసోసియేషన్ ఏర్పడి, ఉమ్మడి నియమాలను రాసి, వాటిని ఎప్పటికప్పుడు సవరిస్తూ వస్తోంది. చాలా దేశాల్లోని టోర్నమెంట్లు ఇప్పుడు వీటినే స్వల్ప మార్పులతో పాటిస్తున్నాయి. ఇక్కడ చెప్పే నియమాలు కూడా ప్రధానంగా వాటి మీద ఆధారపడినవే. అయినా, నిర్వాహకులు పెట్టుకున్న స్థానిక నియమాల పత్రం ఏదైనా ఉంటే ఆట మొదలయ్యే ముందు ఒకసారి చదువుకోవడం మంచిది.

కూర్చున్న వెంటనే

గుర్తింపు పత్రం చూపించి పేరు నమోదు చేసుకున్నాక మీకు బల్ల సంఖ్య, కుర్చీ సంఖ్య ఉన్న చీటీ ఇస్తారు. ఆ కుర్చీలోనే కూర్చోవాలి. స్నేహితుడి పక్కన ఖాళీ ఉందని మారడానికి వీల్లేదు. చీటీని ముక్కలు పంచే డీలర్‌కు ఇచ్చి, మీ ముందు పెట్టిన చిప్స్‌ను లెక్కపెట్టుకోవాలి. లెక్క తేడాగా ఉంటే అప్పుడే చెప్పాలి, ఎందుకంటే రెండు హ్యాండ్లు (ఒక్కో పంపకానికి జరిగే ఆట ఒక హ్యాండ్) ఆడిన తరువాత చెప్పేదానికి ఆధారం ఉండదు.

చిప్స్‌ను రంగుల వారీగా, వీలైతే ఇరవై చొప్పున దొంతరలుగా పేర్చుకోవాలి. పెద్ద విలువ గల చిప్స్ అందరికీ కనిపించేలా ముందు వరుసలోనో పైనో ఉండాలి. వాటిని చిన్నవాటి వెనుక దాచినట్లు పెట్టుకోవడం చిన్న విషయంగా తోచవచ్చు కానీ, ఎదుటివారు మీ దగ్గర తక్కువే ఉన్నాయనుకుని ఆల్ ఇన్‌కు (ఉన్న చిప్స్ అన్నీ పందెం పెట్టడానికి) ఒప్పుకుని, ఆ తరువాత అసలు సంగతి తెలుసుకుంటే అది మోసం కిందికే వస్తుంది. చిప్స్‌ను జేబులో వేసుకోవడం అంతకంటే పెద్ద తప్పు. బల్ల మారేటప్పుడు కూడా వాటిని నిర్వాహకులిచ్చిన ట్రేలోనో పెట్టెలోనో అందరికీ కనిపించేలా తీసుకుపోవాలి. దాచిన చిప్స్‌ను స్వాధీనం చేసుకునే అధికారం, ఆ ఆటగాడిని టోర్నమెంటు నుంచి తప్పించే అధికారం కూడా డైరెక్టర్‌కు ఉంటాయి.

ముక్కలను ఎప్పుడూ బల్ల మీదే ఉంచాలి. ఒడిలోకి తీసుకోకూడదు, ఎదకు ఆనించుకోకూడదు. రెండు చేతులూ అడ్డుపెట్టి మూలలను కొద్దిగా పైకి లేపి చూసుకుని, వాటి మీద ఒక చిప్ పెట్టాలి. ఇది కేవలం అలవాటు కోసం చేసే పని కాదు. కాపలా లేని ముక్కలను డీలర్ పొరపాటున పడేసిన ముక్కల కుప్పలో కలిపేస్తే వాటిని వెనక్కి తీసుకునే దారి ఉండదు, మీ చేతిలో రెండు ఆసులున్నా సరే. ముఖ్యంగా డీలర్‌కు ఇరుపక్కలా ఉన్న కుర్చీల్లో కూర్చున్నవారు ఈ జాగ్రత్తను మరవకూడదు.

వంతు

కొత్తవారు అన్నిటికంటే ఎక్కువగా చేసే తప్పు వంతు రాకముందే ఆడటం. మంచి ఉద్దేశంతోనే ఇది జరుగుతుంది: ముక్కలు బాగాలేవు, ఆటను ఎందుకు ఆపడమని ముందుగానే వాటిని పడేస్తారు. కానీ ఆ పని చూసిన వెంటనే, అప్పటిదాకా ఆలోచిస్తున్న ఆటగాడికి తన వెనుక అడ్డుపడేవారు ఒకరు తగ్గారన్న సంగతి తెలిసిపోతుంది, అతడు రైజ్ చేస్తాడు, మధ్యలో ఉన్న మూడో వ్యక్తికి నష్టం జరుగుతుంది. ముందుగా పడేసిన ముక్కలు తిరిగి రావు. పైగా హెచ్చరికో శిక్షో పడవచ్చు.

వంతు తప్పి చెక్ (పందెం పెట్టకుండా వంతు వదలడం), కాల్ (ఎదుటి పందేనికి సమానంగా పెట్టడం), రైజ్ చేసినప్పుడు జరిగేది కాస్త వేరుగా ఉంటుంది. డీలర్ ఆటను వెనక్కి తీసుకుపోయి, అసలు వంతు ఉన్నవారిని అడుగుతాడు. వారు చెక్ చేసినా, కాల్ చేసినా, ముక్కలు పడేసినా మీ పరిస్థితి మారనట్లే లెక్క, కాబట్టి మీరు తొందరపడి చేసినదానికి మీరు కట్టుబడాలి. వారు రైజ్ చేస్తే మాత్రం పరిస్థితి మారినట్లే. మీ చిప్స్ మీకు తిరిగి వస్తాయి, మళ్లీ మొదటి నుంచి ఆలోచించుకోవచ్చు. ఈ నియమాన్ని తెలిసి కావాలని వాడుకునేవారు కూడా ఉంటారు. అందుకే ఒకటి రెండు సార్లు ఇలా జరిగితే డైరెక్టర్ దాన్ని పొరపాటుగా చూడడు.

తప్పించుకోవడానికి సులువైన మార్గం ఒకటుంది. మీ వంతు వచ్చేదాకా ముక్కలను చూసుకోకుండా ఇతరుల ఆటను గమనించండి. చూడని ముక్కలను ముందుగా పడేయాలన్న తొందర ఎవరికీ కలగదు. పైగా ముందు ఎవరు ఎంత పెట్టారో మీకు స్పష్టంగా తెలుస్తుంది. అయితే మీ వంతు వచ్చాక చూసుకోవడానికి రెండు మూడు క్షణాల కంటే ఎక్కువ తీసుకోకూడదు.

మాట ముందు, చిప్స్ తరువాత

మీ వంతు వచ్చినప్పుడు చేయబోయేది ముందుగా నోటితో చెప్పి, ఆ తరువాత చిప్స్ తాకండి. "కాల్", "రైజ్, మొత్తం 2,400", "ఆల్ ఇన్" అని డీలర్‌కు వినిపించేలా చెబితే సగం గొడవలు పుట్టకముందే పోతాయి. వంతులో చెప్పిన మాటకు కట్టుబడి తీరాలి. కాల్ అన్న తరువాత మనసు మార్చుకుని రైజ్ చేయడం కుదరదు.

మాట్లాడకుండా చిప్స్ వేసేవారి కోసం కొన్ని నియమాలున్నాయి, అవి తెలియకే కొత్తవారు దెబ్బతింటారు. ఎదుట 400 బెట్ (పందెం) ఉండగా మీరు ఏమీ అనకుండా 1,000 విలువ గల ఒకే ఒక చిప్ వేస్తే అది కాల్ మాత్రమే. 600 మీకు వెనక్కి వస్తాయి. రైజ్ చేయాలనే మీ మనసులో ఉన్నా ఎవరూ పట్టించుకోరు. నేను మొదటిసారి కూర్చున్న రోజునే, చేతిలో రెండు రాజులు పెట్టుకుని, ఇలాగే ఒక పెద్ద చిప్‌ను హుందాగా విసిరాను. డీలర్ "కాల్" అని ప్రకటించేసరికి నాకు నోట మాట రాలేదు. నా వెనుక మరో ముగ్గురు చౌకగా ఆటలోకి వచ్చారు. ఆ హ్యాండ్ ఎలా ముగిసిందో చెప్పనవసరం లేదు.

అలాగే ఫ్లాప్ (అందరికీ ఉమ్మడిగా బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) తరువాత ఒకరు 1,000 బెట్ చేశారనుకుందాం. కనీస రైజ్ 2,000 అవుతుంది. మీరు మాట్లాడకుండా 1,400 విలువైన చిప్స్ ముందుకు నెడితే, అదనంగా పెట్టినది ఆ బెట్‌లో సగం కంటే తక్కువ కాబట్టి అది కాల్ అవుతుంది. 1,600 నెడితే సగం దాటింది కాబట్టి మీరు 2,000 పూర్తి చేసి తీరాలి. మొత్తం ముందుగా చెప్పేవారికి ఈ లెక్కలతో పని పడదు.

ఇక చిప్స్‌ను ఒకే కదలికలో పెట్టాలి. ముందు కాల్‌కు సరిపడా పెట్టి, ఎదుటివారి ముఖం చూసి, మళ్లీ దొంతర దగ్గరికి చేయి తీసుకుపోయి మరికొన్ని జోడించడాన్ని స్ట్రింగ్ బెట్ అంటారు. సినిమాల్లో "నీ 500 కాల్, దాని మీద ఇంకో 2,000" అని చెప్పే తీరు చూడటానికి బాగుంటుంది కానీ బల్ల దగ్గర చెల్లదు. "కాల్" అన్న మాట దగ్గరే మీ ఆట ముగిసిపోతుంది. ఆలోచిస్తూ చిప్స్‌తో చేయి ముందుకు చాపి మళ్లీ వెనక్కి తీసుకోవడం కూడా ఎదుటివారి స్పందన కోసం వేసే ఎరలా కనిపిస్తుంది, కాబట్టి ఆ అలవాటు ఉంటే మానుకోవాలి. చిప్స్‌ను మీ ముందే శుభ్రంగా పెట్టండి. పాట్ (అందరి పందేలూ చేరిన మొత్తం) మధ్యలోకి విసిరేస్తే ఎంత వేశారో డీలర్ లెక్కపెట్టలేడు.

ఎదుటివారి దగ్గర సుమారుగా ఎన్ని ఉన్నాయో చూసి అంచనా వేసుకునే హక్కు మీకుంది, దొంతరలు కనిపించకపోతే సరిగా పేర్చమని అడగవచ్చు. కచ్చితమైన లెక్క మాత్రం వారు ఆల్ ఇన్ అన్నప్పుడే, నిర్ణయం మీ చేతిలో ఉన్నప్పుడే అడగాలి, అది కూడా డీలర్‌ను అడగాలి. అవతలివారి చిప్స్‌ను మీ చేత్తో ముట్టుకోవడం ఏ పరిస్థితిలోనూ తగదు.

నోటి అదుపు

ఒక హ్యాండ్‌ను ఒక్కరే ఆడాలన్నది పోకర్‌లో అన్నిటికంటే పాత కట్టుబాట్లలో ఒకటి. ముక్కలు పడేసినవారు కూడా దానికి లోబడి ఉండాలి. ఫ్లాప్‌లో రెండు ఏడు ముక్కలు పడ్డాయనుకోండి. ఏడును పడేసిన వ్యక్తి "అయ్యో" అని నిట్టూర్చినా, నెత్తి కొట్టుకున్నా, ఆడుతున్న ఇద్దరికీ చెప్పకూడని సంగతి చెప్పినట్లే. "అతడికి ఫ్లష్ వచ్చి ఉంటుంది" (అయిదూ ఒకే గుర్తు ముక్కలు) అని పక్కవారితో గుసగుసలాడటం, బోర్డు మీద, అంటే ఉమ్మడి ముక్కల్లో, స్ట్రెయిట్‌కు (వరుసగా వచ్చే అయిదు ముక్కలకు) అవకాశం ఉందని గుర్తు చేయడం కూడా ఇలాంటివే. చెప్పినవారి దృష్టిలో అది వట్టి ముచ్చట కావచ్చు, కానీ వినే ఇద్దరిలో ఒకరికి అది విలువైన సాయం అవుతుంది.

పక్కవారికి మీ ముక్కలు చూపించడం కూడా మానాలి. ఆట ఇంకా మిగిలి ఉండగా ముక్కలను బయటపెడితే శిక్ష పడవచ్చు. పడేసేటప్పుడు గాల్లోకి ఎగరేయకుండా, బల్లకు ఆనించి డీలర్ వైపు తక్కువ ఎత్తులో జరపాలి, లేకపోతే దారిలో ఒకరికి కనిపిస్తాయి.

భాష గురించి తెలుగువారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన విషయం ఉంది. హ్యాండ్ సాగుతున్నంతసేపూ నిర్వాహకులు ప్రకటించిన భాషలో తప్ప మరో భాషలో మాట్లాడకూడదు. బల్ల దగ్గర మరో తెలుగు మనిషి కనిపిస్తే ప్రాణం లేచివస్తుంది, కాదనను. అయినా మీరిద్దరూ "ఏమండీ, ఎక్కడి నుంచి వచ్చారు" అని పలకరించుకున్నా, అర్థం కాని మిగిలినవారికి మీరు ముక్కల గురించే మాట్లాడుకుంటున్నారేమో అన్న అనుమానం రావడం సహజం. ఆ కబుర్లను విరామానికి దాచుకోవడం మంచిది.

స్నేహితులు ఒకే బల్లకు చేరినప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. మూడోవాడు ఆల్ ఇన్‌లో ఉండగా "ఇద్దరం చివరిదాకా చెక్ చేసుకుందాం" అని అనుకోవడం కుమ్మక్కు అవుతుంది. మాట అనకపోయినా, స్నేహితుడి మీద జాలిపడి గెలిచే ముక్కలతో బెట్ చేయకపోవడం కూడా శిక్షార్హమే. మొదట చెప్పినట్లు, మీ దయకు మూల్యం చెల్లించేది పక్క బల్లల వాళ్లు.

అయితే ఎప్పుడూ నోరు మూసుకుని కూర్చోవాలని కాదు. డీలర్ పాట్‌ను తప్పుగా లెక్కిస్తే, షోడౌన్‌లో (చివర్లో ముక్కలు చూపించి గెలుపు తేల్చేటప్పుడు) పైకి తిప్పిన ముక్కలను తప్పుగా చదివి పాట్‌ను మరొకరి వైపు నెట్టబోతే, ఆ హ్యాండ్‌లో లేనివారు కూడా వెంటనే చెప్పవచ్చు, చెప్పాలి కూడా. ఈ తేడాను కొత్తవారు తారుమారు చేసుకుంటారు: మాట్లాడకూడని చోట సలహాలిచ్చి, మాట్లాడవలసిన చోట మొహమాటపడి ఊరుకుంటారు. బోర్లా ఉన్న ముక్కల గురించి మౌనం, పైకి తిప్పిన ముక్కల గురించి నిజం అని గుర్తుపెట్టుకుంటే చాలు.

ముక్కలు తిప్పే వేళ

ఒకరు ఆల్ ఇన్ అయి, ఇక ఎవరికీ బెట్ చేయవలసినది మిగలకపోతే, ఆ హ్యాండ్‌లో ఉన్న అందరూ వెంటనే ముక్కలు తిప్పాలి. ఇక్కడ దాపరికానికి తావులేదు. ఆల్ ఇన్ ఎవరూ లేకుండా రివర్ (చివరి ఉమ్మడి ముక్క) దాకా వస్తే, ఆ చివరి వరుసలో ఎవరు ఆఖరుగా బెట్ లేదా రైజ్ చేశారో వారు ముందుగా చూపించాలి. అందరూ చెక్ చేసి ఉంటే ఆ వరుసలో మొదటి వంతు ఎవరిదో వారు చూపించాలి. "నువ్వు ముందు, నువ్వు ముందు" అని ఇద్దరూ బిగుసుకు కూర్చోవడం కంటే, గెలిచాననిపిస్తే వరుసతో సంబంధం లేకుండా తిప్పేయడమే మర్యాద.

రెండు ముక్కలూ తిప్పాలి. ఒకటే చూపించి "నాకు రెండు జతలు" అని చెబితే సరిపోదు. నోటి మాటకు షోడౌన్‌లో విలువ లేదు, ముక్కలే మాట్లాడతాయి. పాట్ మీ వైపు వచ్చేదాకా ముక్కలను వదలకండి. ఎదుటివాడు "ఫ్లష్" అన్నాడని నమ్మి మీవి కుప్పలోకి విసిరేశాక, అతడి ముక్కల్లో ఒకటి ఇస్పేటు కాదు కళావరని తేలితే చేయగలిగేది ఏమీ లేదు.

గెలుపు ఖాయమని తెలిసీ, ఎదుటివాడు ఆశపడేదాకా ఆగి, తాపీగా ఒక్కో ముక్క తిప్పడాన్ని స్లో రోల్ అంటారు. ఏ నియమాల పుస్తకమూ దీనికి పెద్ద శిక్ష వేయకపోవచ్చు, కానీ నా దృష్టిలో బల్ల దగ్గర దీనికంటే హీనమైన పని లేదు. తెలియక చేసినా క్షమాపణ చెప్పండి.

గడియారం

మామూలు నిర్ణయాలకు అయిదారు క్షణాలు చాలు. టోర్నమెంటు మొత్తాన్నీ మార్చే నిర్ణయానికి నిమిషం ఆలోచించినా ఎవరూ తప్పుపట్టరు. కానీ ప్రతి చెత్త ముక్కకూ అలా ఆలోచించేవారు బల్లంతటి చేతా తక్కువ హ్యాండ్లు ఆడిస్తున్నారు, ఈలోగా బ్లైండ్లు పెరిగిపోతున్నాయి. తగినంత సమయం గడిచిందని డైరెక్టర్‌కు అనిపిస్తే, ఎవరైనా అడిగినప్పుడు క్లాక్ పెడతారు. సాధారణంగా 25 సెకన్లు, ఆపై అయిదు సెకన్ల లెక్కింపు ఉంటాయి. అది ముగిసేలోగా తేల్చకపోతే, ఎదుట బెట్ ఉన్నప్పుడు మీ ముక్కలు చెల్లవు. క్లాక్ అడగడం అవమానం కాదు, దాన్ని పగగా తీసుకోకండి. అయితే ఎదుటివారు కష్టమైన నిర్ణయంలో ఉన్నప్పుడు పది క్షణాలకే అడగడం మాత్రం తగదు.

నగదు బహుమతులకు ఒకటి రెండు స్థానాల దూరంలో ఈ సమస్య ముదురుతుంది. వేరే బల్లల దగ్గర ఎవరైనా పోతే బాగుండునని తక్కువ చిప్స్ ఉన్నవారు కాలయాపన చేస్తారు. అందుకే ఆ దశలో నిర్వాహకులు అన్ని బల్లల దగ్గరా ఒక్కో హ్యాండ్ పూర్తయ్యాకే తరువాతిది మొదలుపెట్టిస్తారు. డీలర్ ఆపమన్నప్పుడు విసుక్కోకుండా ఆగాలి.

ఫోను సంగతి క్లుప్తంగా చెబుతాను: చేతిలో ముక్కలున్నంతసేపూ దాన్ని తాకకండి. చాలాచోట్ల అది స్పష్టమైన నిషేధమే. మొదటి పంపకంలో చివరి ముక్క పడేసరికి మీరు కుర్చీ దగ్గర లేకపోతే ఆ హ్యాండ్ మీది కాదు, కాబట్టి విరామం నుంచి ఒక నిమిషం ముందుగానే రావాలి.

డీలర్, ఫ్లోర్

డీలర్ ముక్కలు పంచుతాడు, వాటిని తయారుచేయడు. రివర్‌లో వచ్చిన ముక్కకు అతడిని నిందించడం, ముక్కలను అతడి మీదికి విసరడం చూసినప్పుడల్లా నాకు సిగ్గనిపిస్తుంది. అతడు నిజంగా పొరపాటు చేస్తే, తరువాతి హ్యాండ్ మొదలవక ముందే ప్రశాంతంగా చెప్పి, అవసరమైతే "ఫ్లోర్‌ను పిలవండి" అని అడగండి. ఫ్లోర్ అధికారి (బల్లల దగ్గరి వివాదాలు తేల్చే నిర్వాహకుడు) వచ్చాక జరిగినది జరిగినట్లు, అడిగినప్పుడు మాత్రమే చెప్పాలి. తీర్పు మీకు వ్యతిరేకంగా వచ్చినా వాదన అక్కడితో ఆగాలి. ఆట క్షేమానికీ న్యాయానికీ ఏది మంచిదో నిర్ణయించే చివరి అధికారం డైరెక్టర్‌దే. డీలర్‌కు టోర్నమెంట్ చిప్స్ బహుమానంగా ఇవ్వకూడదు, వాటికి నగదు విలువ లేదు, అవి ఆటలోంచి బయటికి పోకూడదు కూడా.

తోటి ఆటగాళ్లకు పాఠాలు చెప్పే అలవాటు కూడా వద్దు. చెత్త ముక్కలతో కాల్ చేసి మీ ఆసులను ఓడించిన వ్యక్తికి, అతడి ఆట ఎంత తప్పో వివరించడం నియమాల ప్రకారం తప్పు, మీ లాభం దృష్ట్యా తెలివితక్కువ పని.

ఆఖరి చిప్స్ పోగొట్టుకున్నప్పుడు "బాగా ఆడారు" అని ఒక్క మాట అని లేవడం చాలు, కరచాలనం మీ ఇష్టం. కానీ లేవడానికి ముందు డీలర్ ఇద్దరి చిప్స్‌నూ లెక్కించి పూర్తిచేసేదాకా ఆగండి. ఒకసారి మా బల్ల దగ్గర ఓ పెద్దమనిషి ఆల్ ఇన్ ఓడి, ఎవరి ముఖమూ చూడకుండా కోటు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. లెక్క చూస్తే గెలిచినవాడి దగ్గరే తక్కువ చిప్స్ ఉన్నాయి, వెళ్లిపోయినాయనకు ఇంకా మూడు బిగ్ బ్లైండ్లకు (రెండు బ్లైండ్లలో పెద్దదానికి) సరిపడా చిప్స్ మిగిలాయి. ఫ్లోర్ మనిషి పరుగెత్తుకెళ్లి ఆయనను మెట్ల దగ్గర పట్టుకుని వెనక్కి తీసుకువచ్చేసరికి అందులో ఒక బ్లైండ్ అప్పటికే పాట్‌లో పడి ఉంది.